ఎద్దుబండి నుంచి కరెంటు బండి దాకా: కోనసీమలో సొంత వాహనం లెక్క

ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు ఏ విషయం మీద రాయాలా అని ఆలోచనలో పడ్డాను. పింఛను సవరణల గురించి, కరువు భత్యం బకాయిల గురించి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అయితే గత రెండు మూడేళ్లుగా నెలవారీ సమావేశానికి వచ్చిన మిత్రులలో ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి, "ఏమండీ, కరెంటు స్కూటరు కొనమంటారా, వద్దంటారా?" అని అడుగుతూనే ఉన్నారు. ఈ విషయంలో ఒకసారి చేతులు కాల్చుకున్నవాడిననే పేరు నాకుంది గనుక అడుగుతున్నారు. నేను చెప్పే జవాబు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటోంది. అలా ఎందుకుంటోందో చరిత్రతో సహా కాగితం మీద పెడదామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నీళ్ల దారుల కాలం

మన కోనసీమ గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, సముద్రపు ఒడిన ఉన్న లంక. మధ్యలో వైనతేయ మరొక పాయ. చుట్టూ నీరున్న సీమలో మొదటి రహదారి నీరే కావడంలో ఆశ్చర్యం లేదు. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేశారు. ఆ ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు కేవలం పొలాలకు నీరివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా అనువుగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. అందుకే మన కాలువలకు లాకులు వచ్చాయి. లొల్ల లాకులను నేటికీ జనం చూడడానికి వెళుతుంటారు. వైనతేయను దాటించి నగరం లంకకు నీరు తీసుకుపోయిన గన్నవరం అక్విడక్టు కూడా 1850ల నాటి కట్టడమే.

నేను ఇరిగేషన్ శాఖలో గుమాస్తాగా చేరిన కొత్తలో పాత ఫైళ్లలో 1890 నాటి కాలువలు, రేవుల చట్టం పేరు తరచు కనిపించేది. పడవకు లైసెన్సు, రేవుకు పాట, ప్రతిదానికీ ఒక లెక్క ఉండేది. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, అందరూ పడవల మీదే. గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగే మనుషులను మనలో పెద్దవారు చూసే ఉంటారు. పడవ సొంతంగా ఉంచుకున్నవారు బహు కొద్దిమంది. మిగిలినవారంతా కూలి ఇచ్చి ఎక్కినవారే. పడవకు ఏటా మరమ్మతులు కావాలి, సరంగుకు జీతం ఇవ్వాలి, కాలువలు కట్టేసిన వేసవిలో అది గట్టున పడి ఉండాలి. సరుకు నిండుగా ఉన్నవాడికే పడవ గిట్టేది.

రైలు సంగతి చెప్పనే అక్కరలేదు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు వచ్చింది. యుద్ధకాలంలో, 1940లో, పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ 2004లో ఆ లైను వేశారు. ఆ రైలు కూడా గౌతమికి ఆవలి ఒడ్డునే ఆగుతుంది. కాబట్టి మనవైపు మనిషికి ఎప్పుడూ రెండే దారులు: కూలికి ఎక్కడం, లేదా సొంత బండి ఉంచుకోవడం.

ఎద్దు నేర్పిన పాఠం

గట్టు మీద సొంత వాహనం అంటే మన తాతల కాలంలో ఎద్దుబండి. మా తాతగారికి ఒక జత ఎద్దులుండేవి. నాలుగెకరాల చేను, కొంచెం కొబ్బరితోట. "ఎద్దు ధర సంతలో ఒక్కరోజు ఇస్తాం, మేత ధర రోజూ ఇస్తాం" అని ఆయన అనేవారు. ఎద్దు పని చేసిన రోజూ తింటుంది, పని లేని రోజూ తింటుంది. అంతేకాదు, కూర్చోబెట్టినా దాని వయస్సు ఆగదు. అందుచేత ఏడాదిలో నిండా పని ఉన్న రైతే ఎద్దులు కట్టేవాడు. తక్కువ చెక్క ఉన్నవాడు పక్కవాడి బండి బాడుగకు తెచ్చుకునేవాడు. అది పేదరికం మాత్రమే కాదు, లెక్క తెలిసినతనం కూడా. ఈ మాట పాఠకులు గుర్తు పెట్టుకోవాలని మనవి. మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

తరువాత సైకిలు వచ్చింది. దాని మేత ఏమున్నది? టైరు, ట్యూబు, పంక్చరు అతుకు. గుమాస్తాలకు, మాస్టర్లకు, పోస్టుమాన్లకు సైకిలే ఐరావతం. 1972లో బజాజ్ చేతక్ స్కూటరు, కైనెటిక్ వారి లూనా మోపెడ్ రెండూ ఒకే సంవత్సరంలో వచ్చాయి. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన మిత్రులు మనలో ఉన్నారు. లూనాలో పెట్రోలుతో పాటు ఆయిలు కలిపి పోయించుకునేవాళ్లం. పెట్రోలు బండికి ఒక గొప్ప సుగుణం ఉంది. ఎద్దులా కాదు, నిలబెట్టిన రోజున అది పైసా అడగదు. నెల జీతం చివరి వారంలో అడుగంటితే బండిని వరండాలో నిలబెట్టి సైకిలు తీసేవాళ్లం. ఆ వెసులుబాటు మూలంగానే తక్కువ తిరిగేవాడికి కూడా మోపెడ్ సరిపోయింది.

వంతెనలు వచ్చిన కొద్దీ బండ్లు పెరిగాయి. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీద వంతెన 2002లో వాడుకలోకి వచ్చింది. మన ప్రాంతం నుంచి లోక్‌సభ స్పీకరు పదవికి ఎదిగి, అదే సంవత్సరం మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగిగారి పేరు దానికి పెట్టారు. అంతకుముందు ముక్తేశ్వరం రేవులో పంటు కోసం స్కూటరుతో సహా గంటల తరబడి నిలబడ్డవారికి ఆ వంతెన విలువ తెలుస్తుంది.

కరెంటు బండి కొత్తది కాదు

చాలామంది కరెంటు బండి నిన్న మొన్న పుట్టిందని అనుకుంటారు. మళ్లీ మళ్లీ చార్జి చేయగల సీసపు బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లోనే తయారుచేశాడు. 1899లో బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాట్జీ గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని రోడ్డు మీద మొదటిసారి దాటింది కరెంటు కారుతోనే. ఆ రోజుల్లో అమెరికా పట్టణాలలో కరెంటు కార్లు విరివిగా తిరిగాయి. 1908లో ఫోర్డు చౌక కారు, 1912లో హ్యాండిలు తిప్పనక్కరలేకుండా ఇంజను స్టార్టు చేసే ఏర్పాటు వచ్చాక పెట్రోలుదే పైచేయి అయింది.

అయినా కరెంటు బండి పూర్తిగా పోలేదు. ఇంగ్లండులో ఇంటింటికీ పాలు పోసే బ్యాటరీ బండ్లు దశాబ్దాల పాటు నడిచాయి. కారణం ఆలోచించండి. రోజూ ఒకే దారి, ఒకే దూరం, సాయంత్రానికి షెడ్డుకు చేరి రాత్రంతా చార్జింగు. ఖాళీగా కూర్చునే రోజు లేదు. కరెంటు బండికి సరిపడే పని అది.

మన దేశంలో 1993లో లవ్‌బర్డ్ అనే చిన్న కారు, 2001లో బెంగుళూరు నుంచి రేవా కారు వచ్చాయి. ఎక్కువగా నిలవలేకపోయాయి. వాటిలోనివి సీసపు బ్యాటరీలే. బరువెక్కువ, ఆయుష్షు తక్కువ. లిథియం బ్యాటరీని 1991లో సోనీ కంపెనీ బజారులోకి తెచ్చినా, అది స్కూటర్లలోకి దిగేసరికి పాతికేళ్లు పట్టింది. ఆ బ్యాటరీకి పునాది వేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

నా అనుభవం

2008లో 58 ఏళ్లు నిండి పదవీ విరమణ చేశాను. చేతికి వచ్చిన డబ్బులో 34 వేలు పెట్టి ఒక బ్యాటరీ స్కూటరు కొన్నాను. గంటకు 25 కిలోమీటర్లకు మించదు. లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. కిక్కు కొట్టే పని లేదు. మోకాళ్ల నొప్పులవాడికి ఇంతకంటె ఏం కావాలి? ఒకసారి చార్జి చేస్తే 70 కిలోమీటర్లు వస్తుందన్నారు, 45 వచ్చింది. సర్దుకున్నాను. రోజుకు నాలుగైదు కిలోమీటర్లు, కూరల బజారు, బ్యాంకు, గుడి. కొన్నాళ్లు తీయకుండా ఉంచిన రోజులు కూడా ఉన్నాయి.

ఇరవై నెలలు తిరిగాయి. ఒకనాడు కొబ్బరి డబ్బు కోసం అంబాజీపేట వెళ్లి అమలాపురం తిరిగి వస్తూండగా, సగం దారిలో బండి మొరాయించింది. ఎండలో తోసుకుంటూ వస్తున్నాను. చివరకు కొబ్బరికాయల ట్రాక్టరు అబ్బాయి జాలిపడి, బండిని కాయల మీద పడుకోబెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దించాడు. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "బండి మిమ్మల్ని తీసుకొస్తుందని కొన్నాం. మీరే దాన్ని తీసుకొచ్చారే!" అంది.

కొత్త బ్యాటరీలు నాలుగూ వేయాలంటే 9,500 అన్నారు. అమ్మిన దుకాణం అప్పటికే మూతపడింది. ఇరవై నెలల్లో పెట్రోలు మీద మిగిలింది లెక్క వేస్తే మూడు నాలుగు వేలకు మించలేదు. బండిని పాత ఇనుము కింద ఇచ్చేశాను. ఆదిలోనే హంసపాదు పడింది. అప్పటినుంచి కరెంటు బండి పేరు చెబితే మండిపడేవాడిని.

కోడలి నోటు పుస్తకం

2023 జనవరిలో మా కోడలు కరెంటు స్కూటరు కొంటానంది. ఆమె రాజోలు వైపు ఒక పల్లెలో ఉపాధ్యాయురాలు. రానూ పోనూ రోజుకు 36 కిలోమీటర్లు. నేను వద్దంటే వద్దన్నాను. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు పోయిన వార్తలు చూపించాను. ఆమె ఎదురు చెప్పలేదు. "మామయ్యగారూ, భయం న్యాయమే. ఆ తరువాత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టి చేసింది. కొత్త నిబంధనల ప్రకారం వచ్చిన బండే చూసి కొందాం. చార్జింగు ఇంట్లో కాదు, బయట రేకుల షెడ్డులో పెడదాం. ఖర్చు మాత్రం మీరే రాయండి" అని నా చేతిలో నోటు పుస్తకం పెట్టింది. జీవితమంతా లెక్కలు రాసినవాడిని, కాదనలేకపోయాను.

ఆ పుస్తకం సారాంశం ఇది. సుమారు ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరిగింది. నూరు కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు ఖర్చయింది. అంటే నెలకు 26 యూనిట్లు. యూనిటు 7 రూపాయలు వేసుకున్నా నెలకు 185 రూపాయల లోపు. అదే పెట్రోలు స్కూటరయితే లీటరుకు 45 కిలోమీటర్లు, లీటరు 110 రూపాయల చొప్పున నెలకు 1,830 దాకా అయ్యేది. తేడా నెలకు సుమారు 1,650 రూపాయలు. కిలోమీటరుకు 2 రూపాయల 20 పైసలు. మూడేళ్లలో 59 వేల పైచిలుకు. కొన్నప్పుడు పెట్రోలు బండికంటె పాతికవేలు ఎక్కువ పెట్టాం. అది ఏడాదిన్నర లోపే తిరిగి వచ్చింది. మొదట 90 కిలోమీటర్లు ఇచ్చిన బ్యాటరీ ఇప్పుడు 80 ఇస్తోంది. ఇంజను ఆయిలు లేదు, ప్లగ్గు లేదు. టైర్లు, బ్రేకులు మాత్రం మామూలే.

ఆమె బండి విషయంలో నేను తప్పని ఒప్పుకున్నాను.

అయితే నాకు గిట్టుతుందా?

అప్పుడు అదే పుస్తకంలో చివరి పేజీ తిప్పి నా లెక్క వేశాను. నేను రోజుకు 5 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరుగుతాననుకుందాం. 1,500 కిలోమీటర్లు. మిగిలేది ఏడాదికి 3,300 రూపాయలు. ఎనిమిదేళ్లకు 26,400. రోజుకు 10 కిలోమీటర్లయితే ఎనిమిదేళ్లకు 52,800. రోజుకు 30 అయితే 1,58,400. ఇక ఎనిమిదేళ్లకు ఒక బ్యాటరీ మార్చవలసి వస్తుందనీ, దానికి 50 వేలు అవుతుందనీ అనుకుంటే ఫలితం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అయిదు కిలోమీటర్లవాడికి నష్టం. పది కిలోమీటర్లవాడికి బ్యాటరీ ఖర్చుకు సరి. ముప్పై కిలోమీటర్లవాడికి, మధ్యలో ఇంకొక బ్యాటరీ వేసుకోవలసి వచ్చినా, లాభం.

ఇక్కడే మా తాతగారి ఎద్దు మళ్లీ గుర్తుకు వస్తుంది. పెట్రోలు బండి నిలబడితే తినదు. బ్యాటరీ అలా కాదు, నిలబెట్టినా దాని వయస్సు నడుస్తూనే ఉంటుంది. మన వేసవి ఎండలు ఆ వయస్సును ఇంకా త్వరపెడతాయి. కరెంటు బండి పేరుకు యంత్రమే గాని స్వభావానికి ఎద్దు. నిండా పని చెప్పేవాడికి బంగారం, కట్టి మేపేవాడికి భారం. పింఛనుదారులమైన మనం అందరికంటె తక్కువ తిరిగేవాళ్లం. అందుకనే ప్రకటనలలో రాసే లాభం నిజమే అయినా, ఆ లాభం ఉపాధ్యాయురాలిది, ఆటో అబ్బాయిది, పాలు పోసేవాడిది. అది మనది అనుకుని పొరపడకూడదు.

రసీదులో లేని ఖర్చులు

డబ్బు లెక్కే సర్వస్వం కాదని కోనసీమవారికి వేరే చెప్పాలా? 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగిసిన మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. నేల కింద నుంచి తీసే ఇంధనం ఖరీదు బంకులో మీటరు చూపేదానికంటె ఎక్కువని మనకు అనుభవం మీద తెలుసు. అలాగని కరెంటు బండి పాపం ఎరగనిది కాదు. మన కరెంటులో పెద్ద భాగం బొగ్గు కాల్చి తీసేదే. పొగ మన వీధిలో తగ్గి మరొకరి ఊళ్లో లేస్తుంది. ఇళ్ల కప్పుల మీద సూర్యరశ్మి పలకలు పెరిగిన కొద్దీ ఆ బాకీ తగ్గవచ్చు.

తుపాను మాట కూడా చెప్పుకోవాలి. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలు కూలి, పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను వచ్చినప్పుడు మా కోడలు ముందురోజే బండి నిండా చార్జి చేసి పెట్టింది. ఆ జాగ్రత్త అవసరం. కరెంటు లేకపోతే పెట్రోలు బంకులో పంపు కూడా జనరేటరు లేనిదే పనిచేయదనుకోండి. వరద సంగతి వేరు. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసిన లంకవాసులకు మనవి: నీట మునిగిన కరెంటు బండిని, పైకి ఆరినట్టు కనిపించినా, మెకానిక్కు చూడకుండా చార్జింగు పెట్టకండి.

కొనదలచినవారికి

మన సభ్యులెవరైనా గ్రాట్యుటీ సొమ్ము లేదా పిల్లలు పంపిన సొమ్ము దీనిమీద పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, రోజుకు ఎన్ని కిలోమీటర్లు? పది లోపయితే లాభం కోసం కొనవద్దు. రెండు, బండి నిలిపేచోట ఎర్తింగు సరిగా ఉన్న ప్లగ్గు, గాలి ఆడే నీడ ఉన్నాయా? పడకగదిలోనూ, మెట్ల కిందా చార్జింగు కూడదు. మూడు, అయిదేళ్ల తరువాత బ్యాటరీ పోతే వేసేవారు మన జిల్లాలో ఉంటారా? వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద చదవండి, నోటిమాట నమ్మకండి. రాయితీలు 2019 తరువాత పెరిగాయి, 2023 జూన్ నుంచి తగ్గాయి. కొనే రోజున ఏముందో ఆ రోజే అడిగి తెలుసుకోవాలి.

లాభం లేదన్నాను గాని ఉపయోగం లేదనలేదు. కిక్కు, గేరు లేకపోవడం, బంకు దగ్గర క్యూలో నిలబడనక్కరలేకపోవడం మన వయస్సులో చిన్న విషయాలు కావు. ఆ సౌకర్యం కోసం, అది సౌకర్యానికి పెట్టే ఖర్చేనని తెలిసి కొంటే తప్పులేదు. అంతకంటె మంచి మార్గం మా ఇంట్లో కుదిరింది. వారమంతా బండి కోడలిది. ఆదివారం నాది. ఎద్దుకు పని తప్పదు, నాకు నడక తప్పుతుంది.

1972లో మనం ఎదురుచూసిన చేతక్ 2020లో, లూనా 2024లో బ్యాటరీలతో తిరిగి వచ్చాయి. పాత పేర్లు చూసి మనసు లాగుతుంది. నిజమే. కాని పేరు చూసి కాక, రోజువారీ పని చూసి బండి కట్టాలని మన పెద్దలు ఎద్దుల సంతలోనే చెప్పారు.

మొన్న ఆదివారం ఆ బండి మీదే అంబాజీపేట వెళ్లి వచ్చాను. పదిహేనేళ్ల కిందట ఆగిపోయిన చోటు దగ్గర తెలియకుండానే వేగం తగ్గించాను. బండి ఆగలేదు. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తుంటే మాత్రం చేయెత్తి నమస్కారం పెట్టాను.

మిత్రులు తమ తమ బండ్ల లెక్కలు, నష్టమైనా సరే, రాసి పంపితే వచ్చే సంచికలో అందరికీ పనికివస్తాయని మనవి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, అమలాపురం